మెకానికల్‌లో ఎలక్టివ్‌ల ఎంపిక: మా మేనల్లుడి కాగితం

పోయిన ఆదివారం మా అక్క కొడుకు విజయవాడ నుంచి గుంటూరు వచ్చాడు. మెకానికల్ ఇంజనీరింగ్‌లో రెండో సంవత్సరం ముగించి మూడో సంవత్సరంలో అడుగుపెడుతున్నాడు. భోజనాలయ్యాక జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా ముందు పరిచాడు. అందులో ప్రొఫెషనల్ ఎలక్టివ్‌ల, అంటే తమ బ్రాంచిలో విద్యార్థులు తామే ఎంచుకునే సబ్జెక్టుల, జాబితా ఉంది: మెకానికల్ వైబ్రేషన్స్, రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్, ఆటోమొబైల్ ఇంజనీరింగ్, ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్స్, పవర్ ప్లాంట్ ఇంజనీరింగ్, ఆపరేషన్స్ రీసెర్చ్, మెకట్రానిక్స్, యాడిటివ్ మాన్యుఫాక్చరింగ్, నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్. మూడింటి పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఉన్నాయి. ఇవే ఎందుకు అని అడిగితే, "వీటిలో మార్కులు బాగా వేస్తారని సీనియర్లు చెప్పారు మావయ్యా" అన్నాడు.

ఇరవై ఏళ్ల కిందట నేనూ అదే మాట విని అలాగే టిక్కులు పెట్టాను. వాటిలో ఒక సబ్జెక్టులో నాకు ఎనభైకి పైగా మార్కులు వచ్చాయి. ఇప్పుడు ఆ సబ్జెక్టు నుంచి ఒక్క సమీకరణం రాయమంటే రాయలేను. నిజంగా కావాలనుకున్నది రిఫ్రిజిరేషన్. దాన్ని కోరుకున్నవాళ్లం పదకొండు మందిమే ఉన్నామని, ఆ కాస్త మందికి తరగతి నడపడం కుదరదని చెప్పి, మమ్మల్ని అడగకుండానే వేరే ఎలక్టివ్‌లోకి మార్చేశారు. నేను కూడా పట్టుబట్టలేదు. విచిత్రంగా చదువయ్యాక దొరికిన ఉద్యోగం కోల్డ్ స్టోరేజీల శీతలీకరణ యంత్రాల నిర్వహణలోనే. తరగతిలో నాలుగు నెలల్లో నేర్చుకోగలిగినదాన్ని కంప్రెసర్ పక్కన నిలబడి నాలుగేళ్లపాటు నేర్చుకోవలసి వచ్చింది. అందుకే ఆ కాగితం చూసి ఊరుకోలేక, ఆ మధ్యాహ్నమంతా వాడితో మాట్లాడాను. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

గుంటూరు మిర్చి యార్డు సంగతి అందరికీ తెలుసు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ వస్తూనే ఉంటుంది. ధర నచ్చని రైతు, సరుకు నిల్వ చేసే వ్యాపారి తమ టిక్కీలను (మిర్చి బస్తాలను) ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలకు చేరుస్తారు. ఎండకు కాయ రంగు పోకుండా, తేమకు బూజు పట్టకుండా ఆ గదులు కాపాడాలి. వాటిలో చాలావాటిని చల్లబరిచేది అమ్మోనియా. సాధారణ వాతావరణ పీడనంలో అది మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఓజోన్ పొరకు హాని చేయదు, కానీ రాగిని తినేస్తుంది కాబట్టి గొట్టాలన్నీ ఉక్కువే ఉంటాయి. నా మొదటి వేసవిలో, మే నెల మధ్యాహ్నం, ఒక స్టోరేజీలో డిశ్చార్జి గేజి (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే వాయువు పీడనం చూపే మీటరు) ముల్లు గంట గంటకూ పైకి పోతూ, చివరికి కంప్రెసర్ దానంతట అది ఆగిపోయింది. నేను కంప్రెసర్ వాల్వులు విప్పిద్దామన్నాను. అక్కడ ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న ఆపరేటరు ఏమీ మాట్లాడకుండా, ఒక థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి అమ్మోనియా వేడిని వదిలి ద్రవంగా మారే కండెన్సర్ పక్కన గాలికి వేలాడదీశాడు. కాసేపటికి దాన్ని చూసి, "గాలి బాగానే ఉంది సార్, గొట్టాలకు సున్నం పట్టింది" అన్నాడు.

ఆయన కొలిచింది వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే ఆ గాలిలో తడి ఆరుతూ ఎంతవరకు చల్లబడగలదో చూపేది. గొట్టాల మీద నీళ్లు చిమ్మి ఆవిరి కావడం వల్ల చల్లబడే కండెన్సర్ ఎంత బాగా పనిచేస్తుందో నిర్ణయించేది ఆ ఉష్ణోగ్రతే తప్ప, పేపర్లో వేసే 45 డిగ్రీల ఎండ కాదు. ఆ సంఖ్య మామూలుగానే ఉంది కాబట్టి తప్పు గాలిలో లేదు, గొట్టాల మీద బోరు నీటి ఉప్పు గట్టిపడిన పొరలో ఉందని ఆయన తేల్చాడు. ఆ పొర గురించి నేను హీట్ ట్రాన్స్‌ఫర్‌లో ఫౌలింగ్ ఫ్యాక్టర్ పేరుతో చదివాను, పరీక్షలో లెక్క కూడా చేశాను. వేడి బయటికి పోకపోతే అమ్మోనియా ద్రవంగా మారే ఉష్ణోగ్రత పెరుగుతుంది. అది 35 డిగ్రీల దగ్గర ద్రవమైతే పీడనం 13.5 బార్, 45 డిగ్రీల దగ్గర అయితే దాదాపు 17.8 బార్. రెండో సంవత్సరం థర్మోడైనమిక్స్‌లో చెప్పిన కార్నో సూత్రమే వేసి చూస్తే, గది వైపు కాయిల్ సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పనితీరు గుణకం (పెట్టిన పనికి ఎన్ని రెట్ల వేడి గది నుంచి బయటికి పోతుందో చెప్పేది) కెల్విన్‌లో 273ను ఉష్ణోగ్రతల తేడా 35తో భాగిస్తే 7.8, 45తో భాగిస్తే 6.07. అంటే ఆదర్శ యంత్రంలో కూడా అదే చల్లదనానికి దాదాపు 29 శాతం ఎక్కువ పని చేయాలి. ఇవన్నీ నాకు విడివిడిగా తెలుసు. వాటిని ఒకచోట కలిపి చూసే అలవాటే నాకు లేదు. ఆ అలవాటు నేర్పే తరగతి పేరు రిఫ్రిజిరేషన్ ఎలక్టివ్.

మా మేనల్లుడికి నేను మొదట చెప్పిన మాట ఇదే. ఎలక్టివ్ అనేది కొత్తగా నేర్చుకునే అదనపు సబ్జెక్టు అని విద్యార్థులు అనుకుంటారు. నా దృష్టిలో అది, రెండో సంవత్సరంలో సగం సగం అర్థమై పరీక్షతో మూతపడిన పుస్తకాన్ని మళ్లీ తెరిపించే అవకాశం. అందువల్ల జాబితాలో పేరు చూసి ఎంచుకోకూడదు. ప్రతి సబ్జెక్టుకూ సిలబస్‌లో అయిదు యూనిట్లుంటాయి. మొదటి యూనిట్ ఎప్పుడూ పరిచయమే కాబట్టి దాన్ని వదిలేసి, చివరి మూడు యూనిట్లు చదివి, వాటికి ఏ పాత సబ్జెక్టు కావాలో పక్కన రాసుకోవాలి. ఏ పాత సబ్జెక్టూ అవసరం లేని ఎలక్టివ్ అయితే దాన్ని సెలవుల్లో ఇంట్లో చదువుకోవచ్చు. రెండు మూడు పాత సబ్జెక్టులను ఒకేసారి పనిలో పెట్టేదైతే, దానికి గురువు కావాలి, గడువు కావాలి, పరీక్ష కావాలి. కాలేజీలో సీటు వాడుకోవలసింది అలాంటి వాటికే.

వాడి చేత అలాగే రాయించాను. మెకానికల్ వైబ్రేషన్స్ పక్కన డైనమిక్స్ ఆఫ్ మెషినరీ, మొదటి సంవత్సరం డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, మాట్రిక్స్ అని వచ్చాయి. అది చూసి వాడి ముఖం వాడిపోయింది, ఎందుకంటే ఆ గణితం వాడికి బ్యాక్‌లాగ్ తప్పించుకునేంత మాత్రమే వచ్చు. అందుకే అది తీసుకోవాలన్నాను. ద్రవ్యరాశి, స్ప్రింగు, డాంపరు (ఊపును అణిచేది) కలిసిన ఒకే ఒక్క సెకండ్ ఆర్డర్ డిఫరెన్షియల్ సమీకరణాన్ని ఆ సబ్జెక్టు నెల రోజులపాటు అటు తిప్పి ఇటు తిప్పి చూపిస్తుంది. మొదటి సంవత్సరంలో కాంప్లిమెంటరీ ఫంక్షన్, పర్టిక్యులర్ ఇంటెగ్రల్ అని కంఠతా పట్టిన రెండు ముక్కల్లో మొదటిది కాసేపట్లో ఆరిపోయే ఊగిసలాట అని, రెండోది యంత్రం నడుస్తున్నంతసేపూ ఉండే అదురు అని అక్కడ తెలుస్తుంది. కండెన్సర్ ఫ్యాను రెక్కకు ఒకవైపు మడ్డి పట్టి బరువు తేడా వస్తే, ఆ తేడా వల్ల పుట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. ఆ వేగం షాఫ్టు సహజ పౌనఃపున్యాన్ని తాకితే ఏమవుతుందో పుస్తకంలో గ్రాఫుగా ఉంటుంది, స్టోరేజీలో బేరింగే పోతుంది. ఏ కర్మాగారానికి వెళ్లినా తిరిగే యంత్రం ఉంటుంది, తిరిగే యంత్రం ఉన్నచోట అదురు ఉంటుంది. జాబితాలో ఒక్కటే తీసుకునే వీలుంటే నేను ఇదే తీసుకోమంటాను. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్స్, అంటే వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటరుతో ఒత్తిడి, వంపు లెక్కించే పద్ధతుల గురించి కొంచెం ఎక్కువ చెప్పవలసి వచ్చింది. వాడు దాన్ని ఒక సాఫ్ట్‌వేర్ కోర్సుగా భావించి, "బెంజ్ సర్కిల్ దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుంటే సరిపోతుంది కదా" అన్నాడు. సాఫ్ట్‌వేర్ మీటలు ఎక్కడున్నాయో ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకోవచ్చు, అందులో తప్పు లేదు. కానీ ఆ మీట నొక్కగానే వచ్చే రంగుల బొమ్మను నమ్మాలో వద్దో చెప్పేది తరగతి మాత్రమే. ఒక ఉదాహరణ తీసుకుందాం. లోపలి మూల ఏ గుండ్రమూ లేకుండా పదునుగా ఉన్న ఒక బ్రాకెట్‌ను విశ్లేషించి, ఆ మూల దగ్గర ఎర్రగా కనిపించిన ఒత్తిడి విలువను విద్యార్థి రిపోర్టులో రాస్తాడు. మెష్‌ను, అంటే ఆ ముక్కల వలను, ఇంకా సన్నం చేస్తే ఆ విలువ పెరుగుతుంది, మళ్లీ సన్నం చేస్తే మళ్లీ పెరుగుతుంది, ఎప్పటికీ ఒకచోట నిలవదు. ఎలాస్టిసిటీ సిద్ధాంతం ప్రకారం ఆ పదును మూల దగ్గర ఒత్తిడికి హద్దే లేదు కాబట్టి, కంప్యూటరు నిజం వైపే పోతోంది గానీ ఆ సంఖ్యకు అర్థం లేదు. ఇంకొక మాట: వంగే దూలాన్ని మామూలు మూడు నోడ్ల (మూల బిందువుల) త్రికోణాలతో, అదీ పెద్దపెద్ద ముక్కలుగా కోసి చేస్తే, ఒక్కో త్రికోణంలో స్ట్రెయిన్ (సాగుదల) ఒకే విలువగా ఉండటం వల్ల దూలం అసలుకంటే గట్టిగా కనిపిస్తుంది, వంపు తక్కువ వస్తుంది. చివర బరువు వేలాడే కాంటిలీవర్‌కు వంపు ఎంతో రెండో సంవత్సరం స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లోనే సూత్రం ఉంది: బరువును పొడవు ఘనంతో గుణించి, మూడు ఈఐతో భాగించడం (ఈఐ అంటే వంపును ఎదిరించే దూలం గట్టిదనం). ఆ చేతిలెక్క పక్కన పెట్టుకుని కంప్యూటరు జవాబును సరిచూసే బుద్ధి పుట్టించడమే ఈ ఎలక్టివ్ చేసే మేలు. వైబ్రేషన్స్ మూడో సంవత్సరంలో చదివి, దీన్ని నాలుగో సంవత్సరంలో చదివితే మాట్రిక్స్‌తో ఉండే భయం అప్పటికి తగ్గి ఉంటుంది. ఈ రెంటి వరుస తారుమారైతే కష్టం.

ఆటోమొబైల్ ఇంజనీరింగ్ పక్కన వాడి మొదటి టిక్కు ఉంది. వాడికి బండ్లంటే ప్రాణం. విజయవాడలో పుట్టి ఆటోనగర్ చూస్తూ పెరిగిన పిల్లవాడికి అది సహజమే. లారీ బాడీ కట్టేవాళ్లు, ఇంజను బోరింగు చేసేవాళ్లు, లీఫ్ స్ప్రింగు పట్టాలు సరిచేసేవాళ్లు, గేర్‌బాక్సు విప్పి బల్ల మీద పరిచేవాళ్లు అక్కడ వీధివీధికీ ఉన్నారు. నేను అన్నది ఏమిటంటే, క్లచ్‌లో ఏ భాగం ఎక్కడుంటుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే సబ్జెక్టుకు ఎలక్టివ్ సీటు ఖర్చు చేయవద్దు, వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దగ్గర చేరి, స్పానర్లు అందిస్తూ చూడు. పుస్తకంలో పది పేజీల్లో ఉన్నది ఒక్క పూటలో కళ్లకు కడుతుంది. మేస్త్రీ చెప్పలేనిది ఒకటుంది: ఖాళీ బస్సుకూ నిండు బస్సుకూ కుదుపు ఎందుకు తేడాగా ఉంటుంది అన్నది. దానికి జవాబు వైబ్రేషన్స్‌లో ఉంది. 2025 మార్చిలో మన మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం ప్రారంభమైంది కాబట్టి, బండ్ల మీద ప్రేమ ఉన్నవాడికి దూరం పోనక్కరలేని రోజులు వస్తున్నాయనే ఆశ నాకుంది. అక్కడికి వెళ్లేవాడికి కూడా భాగాల పేర్లకంటే స్ట్రక్చర్లు, అదురు, వెల్డింగు వివరంగా తెలియడమే ఉపయోగం.

పవర్ ప్లాంట్ ఇంజనీరింగ్ విషయంలో నా అభిప్రాయం కాస్త భిన్నంగా ఉంది. దాని సిలబస్ చాలా చోట్ల వర్ణనే. అయినా మన ప్రాంతపు విద్యార్థికి ఒక వసతి ఉంది. ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో 1979లో మొదలైన 210 మెగావాట్ల తరం యూనిట్లూ ఉన్నాయి, ఈ మధ్య వచ్చిన 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్ కూడా ఉంది. పాత తరం బాయిలరులో నీరు, ఆవిరి వేరువేరుగా కనిపించే డ్రమ్ము ఉంటుంది. పీడనం 221 బార్ దాటితే నీటికీ ఆవిరికీ మధ్య గీతే చెరిగిపోతుంది కాబట్టి, కొత్త తరంలో ఆ డ్రమ్ముకు పనే లేదు. థర్మోడైనమిక్స్‌లో టీ-ఎస్ (ఉష్ణోగ్రత-ఎంట్రోపీ) డయాగ్రామ్ మీద గోపురంలా గీసే ఆ వంపు కొస ఏమిటో ఒకే ఆవరణలో రెండు తరాలుగా నిలబడి ఉంది. కాలేజీ వాళ్లు పారిశ్రామిక సందర్శనకు అక్కడికి తీసుకెళతారని తెలిస్తే, ఆ సబ్జెక్టు చెప్పేవారికి రాంకిన్ సైకిల్ (ఆవిరి విద్యుత్ కేంద్రం నడిచే చక్రం) లెక్కల మీద ఇష్టం ఉంటే, అప్పుడు తీసుకోవచ్చు. లేకపోతే వద్దు.

మిగిలినవాటి గురించి ఎక్కువ మాట్లాడుకోలేదు. ఆపరేషన్స్ రీసెర్చ్ మంచి సబ్జెక్టే, కొంచెం ఓపిక ఉంటే సొంతంగా వస్తుంది. నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ రైల్వే వైపు చూసేవాడికి పనికొస్తుంది, రైలు ఇరుసుల లోపలి పగుళ్లను అల్ట్రాసోనిక్ పద్ధతితోనే వెతుకుతారు, మనకు రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు, విజయవాడ లోకో షెడ్లు దగ్గరలోనే ఉన్నాయి. మెషిన్ లెర్నింగ్ తీసుకుంటే మంచి జీతం వస్తుందని స్నేహితులందరూ అంటున్నారని చెప్పాడు. దాన్ని ఓపెన్ ఎలక్టివ్‌గా, అంటే వేరే బ్రాంచి నుంచి ఎంచుకునే సబ్జెక్టుగా, తీసుకోమన్నాను, అయితే మెకానికల్ ఎలక్టివ్ స్థానంలో కాకుండా దానికి తోడుగా. బేరింగు అదురు సిగ్నల్ చూసి అది పాడవబోతోందని కనిపెట్టే ప్రోగ్రాము రాయాలంటే, ఆ సిగ్నల్‌లో ఏ పౌనఃపున్యం ఎందుకు వచ్చిందో ముందు తెలియాలి. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు తెలియనిది, మెకానికల్ పిల్లవాడికి తెలిసి ఉండవలసినది అదే.

ఎంటెక్ ప్రవేశాలకు పెట్టే గేట్ పరీక్ష రాయాలని వాడికి కోరిక. అందుకు ఎలక్టివ్‌లు ఎంతవరకు సాయం చేస్తాయని అడిగాడు. మెకానికల్ పేపరులో వంద మార్కులకు 15 ఆప్టిట్యూడ్, 13 గణితం, మిగిలిన 72 సబ్జెక్టువి. ఆ 72లో అత్యధిక భాగం కోర్ సబ్జెక్టులే. జాబితాలోని వాటిలో వైబ్రేషన్స్, రిఫ్రిజిరేషన్, ఆపరేషన్స్ రీసెర్చ్ గేట్ సిలబస్‌లో ఉన్నాయి, ఫైనైట్ ఎలిమెంట్ లేదు. అంటే మొదటి రెండూ తీసుకున్నవాడు ఒకే చదువుతో రెండు పరీక్షలకు సిద్ధమవుతాడు. ఈ ఒక్క లెక్క కోసమే ఎంచుకోమని నేను అనను గానీ, నేను చెప్పిన రెండు సబ్జెక్టులే ఇక్కడా పైకి రావడం చూసి వాడి ముఖం కొంచెం తేటపడింది.

తర్వాత అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. "వైబ్రేషన్స్ నేనొక్కడినే రాస్తే తరగతి పెట్టరు కదా మావయ్యా?" అన్నాడు. నాకు జరిగింది ఇదే కాబట్టి ఆ ప్రశ్నకు నా గుండె బరువెక్కింది. ఒక సెక్షన్ మొత్తాన్ని ఒకే ఎలక్టివ్‌లోకి నెట్టి, దానికి ఐచ్ఛికం అని పేరు పెట్టడం విద్యార్థికి చేసే అన్యాయమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్యప్రణాళికలో మొత్తం 160 క్రెడిట్లలో 18 ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లకు, 18 ఓపెన్ ఎలక్టివ్‌లకు కేటాయించింది విద్యార్థి తన దారి తాను వెతుక్కుంటాడనే. అయితే నా రోజుల్లో లేని ఒక తలుపు ఇప్పుడు తెరిచి ఉంది. ఎన్‌పీటెల్ అనే పథకంలో ఐఐటీ అధ్యాపకులు చెప్పే కోర్సులు స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీద ఉచితంగా దొరుకుతాయి. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం వరకు అలా చేసి క్రెడిట్లు బదిలీ చేసుకోవడానికి 2021 నిబంధనలు వీలు కల్పించాయి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75 మార్కులు. కోర్సులో చేరకముందే హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారిని కలిసి, ఆ కోర్సు ఈ ఎలక్టివ్‌కు సమానమని ఒప్పుకుంటారో లేదో కాగితం మీద రాయించుకోమన్నాను. చదివాక అడిగితే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

దానికంటే ముందు ఇంకొక పని ఉంది. తనలాగే తటపటాయిస్తున్న తోటి విద్యార్థులను కూర్చోబెట్టి, ఈ చివరి మూడు యూనిట్ల పద్ధతి వాళ్ల చేత కూడా చేయించమన్నాను. నా కాలంలో పదకొండు మందిమి విడివిడిగా కాగితాలు ఇచ్చి విడివిడిగా ఊరుకున్నాం. అందరం కలిసి ఇంకో పదిమందిని ఒప్పించి ఉంటే ఆ తరగతి నడిచేదేమో. వైబ్రేషన్స్ ఎవరు చెబుతారో కనుక్కున్నావా అని కూడా అడిగాను. లెక్క చేస్తూ మధ్యలో ఆగి, "ఈ సంఖ్య ఇంత ఎందుకు వచ్చింది?" అని అడిగే మేడం ఒకరున్నారని, ఆవిడ పరీక్ష పేపరు కఠినంగా ఇస్తారని వాడు చెప్పాడు. ఆ సబ్జెక్టుకు అంతకంటే మంచి కబురు లేదు.

సాయంత్రం వాణ్ని బస్టాండుకు తీసుకెళ్లే దారిలో మేము చూసే స్టోరేజీ ఒకటి ఉంటే ఆగాం. కండెన్సర్ పక్కన నిలబెట్టి, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు, పొడి థర్మామీటరు రెండూ వాడి చేతికిచ్చాను. రెండింటి మధ్య తేడా చూసి, డిశ్చార్జి గేజి చూసి, అమ్మోనియా టేబుల్ ఫోనులో తీసి, కండెన్సింగ్ ఉష్ణోగ్రత ఎంతో తానే చెప్పాడు. రెండు డిగ్రీలు తప్పాడు, ఎందుకంటే గేజి చూపేది వాతావరణ పీడనానికి పైన ఉన్న పీడనమని, దానికి ఒక బార్ కలపాలని మరిచిపోయాడు. ఆ సంగతి చెప్పగానే, రెండో సంవత్సరం మొదటి వారంలోనే ఇది చెప్పారని గుర్తు తెచ్చుకున్నాడు.

బస్సెక్కే ముందు కాగితం తీసి, ఆటోమొబైల్ పక్కన ఉన్న టిక్కును రబ్బరుతో చెరిపి, అయిదో సెమిస్టరుకు వైబ్రేషన్స్, ఆరో సెమిస్టరుకు రిఫ్రిజిరేషన్, ఏడో సెమిస్టరుకు ఫైనైట్ ఎలిమెంట్ అని రాసుకున్నాడు. మూడోదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. దాన్ని అలాగే ఉంచమన్నాను, ఏడాది తర్వాత మళ్లీ చూద్దాం. నిన్న రాత్రి ఫోను చేసి, వైబ్రేషన్స్‌కు ఇప్పటికి పద్నాలుగు మంది పేర్లిచ్చారని, ఇంకా ఆరుగురు కావాలని చెప్పాడు.